చేతికొచ్చినంకనే లెక్క

దుడ్లు పడినాయని మా ఆయన ఫోనుకు మెసేజ్ వచ్చినప్పుడు నేను జొన్నరొట్టెలు తడతాంటి. మూడేండ్ల కిందటి యండకాలంలో ఊర్లకు ట్యాంకర్లతో తాగే నీళ్ళు తోలినాము, ఆ బిల్లు దుడ్లు అవి. ఇన్నేండ్లకు గవర్నమెంటోళ్ళకు మా మొహాలు గుర్తుకొచ్చినాయి. పెనం మీద రొట్టె మాడతాంటే మాడనీ అని, ఫోను చేతికి తీసుకొని ఆ అంకెను మళ్ళీ మళ్ళీ చదువుకున్నా. మరుసటి దినం పొద్దున్నే ఇద్దరమూ పామిడికి పోయి బ్యాంకులో నిలబడితే, కౌంటర్లో ఉండే ఆయమ్మ కంప్యూటర్ చూసి, "దుడ్లు ఉండాయమ్మా, గానీ తీసేదానికి లేదు. ఇన్‌కంట్యాక్స్ వాళ్ళు ఖాతాను పట్టి పెట్టినారు" అనింది.

మేము ఇన్‌కంట్యాక్స్ వాళ్ళ కంట్లో పడేంత మారాజులమని నాకు ఆ దినమే తెలిసింది. కాలికి మంచి చెప్పులు లేవు, మెడలో పుస్తెలు తప్ప బంగారం లేదు, మేము గవర్నమెంటుకు పన్ను ఎగ్గొట్టినామంట. నేను ఆయమ్మ మీద అరిచినా. పాపం, ఆయమ్మ ఏం చేస్తాది. మా ఆయన నా చేయి పట్టుకొని బయటికి తీసుకొచ్చినాడు. నేను ఊరుకుంటానా, బస్టాండు దాకా దారి పొడుగూతా తిడతానే వచ్చినా.

మా దిక్కున కాంట్రాక్టరంటే పెద్ద కార్లలో తిరిగేటోడు అనుకోవద్దండి. ట్రాక్టరు, ట్యాంకరు, నీళ్ళుండే బోరు, ఈ మూడూ ఎవరికుంటే వాడు కాంట్రాక్టరు. మాకు మూడెకరాల చేన్లో ఒక బోరు ఉండాది. చుట్టుపక్కల బోర్లన్నీ మార్చికంతా ఎండిపోయినా మాది మాత్రం పోస్తాంది. దాన్ని నమ్ముకునే మా ఆయన నీళ్ళు తోలే పని ఒప్పుకున్నాడు. పని పెద్దదయ్యేసరికి మాకుండే ఒక్క ట్రాక్టరు చాల్లేదు. పక్కూర్లో ఒక పెద్దాయన ఉండాడు, మా ఆయనకు మామ వరస, నాకు చిన్నాయన. ఆయన తన రెండు ట్రాక్టర్లు బాడిగకు ఇచ్చినాడు. "బిల్లు వచ్చినప్పుడు ఇద్దువులేప్పా" అన్నాడు. పామిడి బంకులో డీజిలు అప్పు పెట్టినాము. ఆ యండకాలమంతా తెల్లారి మొదలుపెడితే పొద్దుమునిగేదాకా తోలినాము. ఏ ఊర్లోనూ ఒక్క బిందె తక్కువైందని మమ్మల్ని అడిగినోళ్ళు లేరు.

బిల్లు మాత్రం రాలేదు. మరుసటి ఏడాది, మాకు ఈ పని ఇచ్చిన ఆఫీసుకు పోతే, "మార్చి ఆఖర్లో మీ బిల్లు పాసు చేసి పుస్తకంలో ఎక్కించేసినాము, బడ్జెటు రాంగానే పడతాది" అన్నారు. పుస్తకంలో ఎక్కించేటప్పుడే అందులో పన్ను కోసేసి, మా ఆయన ప్యాన్ నెంబరు మీద కట్టేసినారు. అంటే వాళ్ళ లెక్కలో మేము ఆ ఏడాదే దుడ్లు సంపాదించినాము. మా ఇంట్లో చూస్తే సంకటిలోకి పప్పు చేసుకునే దిక్కు లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది యవ్వారం.

మా ఇంట్లో లెక్క రాసేది నేనే. ఇంటర్ చదివినా, రాత బాగుంటాది. గానీ ఎట్ల రాయల్లో చెప్పింది మా ఆయన వాళ్ళ నాయన. పుట్టినప్పటి నుంచి శెనక్కాయ పంట చూసిన మనిషి. ఆయనకు రెండే రెండు కట్టుబాట్లు. మనం ఒకరికి ఇయ్యాల్సింది పొద్దు మునిగే లోపల రాసెయ్యల్ల, రాయకుండా పండుకుంటే తిన్న కూడు అరగదు. ఒకరు మనకు ఇయ్యాల్సింది మాత్రం దుడ్లు ఇంటికొచ్చి దేవుని పటం ముందర పెట్టేదాకా రాయకూడదు, నోటితో అనను కూడా అనకూడదు. చేన్లో కాయ ఊరినాదని సంబరపడితే ఆ వారమే వాన మొహం చాటేస్తాది. పెరికి కుప్ప వేసినాక లెక్క కడితే అప్పుడొస్తాది ముదనష్టపు వాన, కాయలన్నీ మొలకలొస్తాయి. అందుకే ఎన్ని మూటలైతాయి అని ఎవరడిగినా మా దిక్కు రైతులు, "ఏమో, ఇంటికొస్తే చూద్దాం" అంటారే గానీ అంకె చెప్పరు. ఆయన పోయినా మా ఇంట్లో ఆ కట్టు పోలేదు. ట్యాంకర్ల పని వచ్చినా అదే లెక్క. చిన్నాయన బాడిగ, బంకు డీజిలు ఏ దినానిది ఆ దినం ఖర్చు కింద రాసేసినా. బిల్లు రాలేదు కాబట్టి రాబడి కింద ఏమీ రాయలేదు. ఇందులో తప్పేముండాదో నాకు ఇప్పటికీ తెలీదు. మానంగా బతికేటోళ్ళు రాసుకునే పద్ధతి అదే.

ఆ పుస్తకం తీసుకపోయి పామిడిలో ఇంటర్నెట్ సెంటరాయనకు ఇస్తే రిటర్ను వేసినాడు. మా రాత ఉన్నది ఉన్నట్టే ఎక్కించినాడు. "ఆఫీసోళ్ళు కోసిన పన్ను మీకు వాపసు వస్తాదక్కా, ఆదాయమే లేదు కదా" అంటే వస్తే మంచిదేలే అనుకున్నాము. వచ్చింది కూడా. డ్రైవర్ల కూలీకి సరిపోయింది. ఆ పైన ఇన్‌కంట్యాక్స్ వాళ్ళు, మీ ప్యాన్ మీద ఇంత రాబడి కనపడతాంది, మీరు చూపించలేదేమి, అని నోటీసు మీద నోటీసు పంపినారంట. అవన్నీ ఆ సెంటరాయన ఈమెయిలుకు పోయినాయి. ఆయన సెంటరు మూసేసి బెంగుళూరికి పోయి ఎన్ని దినాలైందో. జవాబు లేకపోతే కట్టాల్సిందే అని పన్నూ వడ్డీ జరిమానా కలిపి మా మీద వేసి, ఖాతా పట్టేసినారు.

ఇంతవరకు చెప్పింది కోపం తెప్పించే మాట. అసలు గుండెకాయ పట్టేసే మాట ఇంకొకటి ఉండాది.

బిల్లు రాని ఏడాది బంకోళ్ళు ఇంటి మీదికొచ్చినారు. వాళ్ళకు కట్టేదానికి గుంతకల్లులో ఒకాయన దగ్గర అప్పు తెచ్చినాము. రైల్వేలో పనిచేసి రిటైరైనాయన. వడ్డీకిచ్చేటప్పుడు నోటు రాయించుకోడు, భూమి తన పేరు మీద అమ్మకం రిజిస్ట్రీ చేయించుకుంటాడు. గడువులోపల దుడ్లు కడితే తిరిగి రాసిస్తాడు, కట్టకపోతే భూమి ఆయనది. అంతా నోటి మాట. మేము బోరుండే ఆ మూడెకరాలే రాసిచ్చినాము. వచ్చే ఉగాది దాకా గడువు. బ్యాంకులో పడింది ఉండాదే, అది తీస్తే భూమి మాది. తీయలేకపోతే బోరు పోతాది, బోరు పోతే ట్యాంకరు పోతాది, ఇంక మా ఇంట్లో పొయ్యి ఏమి పెట్టి వెలిగించల్ల? శివరాత్రి అప్పటికే దగ్గరకొచ్చింది.

అనంతపురంలో ఒక ఆడిటర్ మంచోడని ఎవరో చెప్తే పోయినాము. సాయిబు ఆయన, నెమ్మదస్తుడు. మా పుస్తకం మొత్తం తిప్పి చూసినాడు. చూసి, "అమ్మా, మీరు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినారు" అన్నాడు.

"మా ఊర్లో నీళ్ళే లేవు, పడవలు యాడివి సార్" అన్నా నేను. కడుపు మంట మీదున్నా కదా.

ఆయన నవ్వలేదు, విడమరిచి చెప్పినాడు. దుడ్లు చేతికొచ్చినప్పుడే రాబడి రాసుకోవచ్చు, చట్టం ఒప్పుతాది. బిల్లు పాసైనప్పుడే రాసుకోవచ్చు, అదీ ఒప్పుతాది. ఏదో ఒకటి పట్టుకోవల్ల. రాబడి చేతికొచ్చినప్పుడు రాసేటోళ్ళు ఖర్చు కూడా చేతి నుంచి పోయినప్పుడే రాయల్ల. మేము ఇయ్యని బాడిగ ఇచ్చినట్టు రాసి, రాని బిల్లు రాలేదని రాసినాము. పైగా రాని బిల్లులో కోసిన పన్ను వాపసు తీసుకున్నాము. "బయటి నుంచి చూసేవాళ్ళకు ఇది మోసం మాదిరే కనపడతాది" అన్నాడు.

మోసం అనే మాట వినేసరికి మా ఆయన మొహంలో నెత్తురు లేదు. బాకీ మర్చిపోకూడదని ముందుగా రాస్తే అది మోసం అయింది. మాకు రావాల్సింది గొప్పగా చెప్పుకోకుండా నోరు మూసుకుంటే అదీ మోసం అయింది. ఏమి కాలమప్పా ఇది.

దారి ఏమని నేను అడిగినా. బిల్లు పాసైనప్పుడే రాబడి అని ఒప్పుకుంటే ఇన్నేండ్ల వడ్డీతో సహా కట్టల్ల, పోయినేడు మేము మళ్ళీ తోలిన నీళ్ళ బిల్లు కూడా ఆఫీసు పుస్తకంలో ఎక్కిందంట, పైసా రాని దానికీ కట్టల్ల. అది మాతో అయ్యేది కాదు. చేతికొచ్చినప్పుడే అనే పద్ధతే మొత్తానికి పెట్టుకుంటే, ఆ ఏడాది ఇయ్యని ఖర్చులన్నీ కొట్టెయ్యల్ల, వాపసు తీసుకున్న పన్ను వడ్డీతో కట్టల్ల, ఇప్పుడొచ్చిన దుడ్లకు ఈ ఏడాది పన్ను లెక్క కట్టి అప్పుడు కోసింది ఇందులో సర్దుకోవల్ల. చానా తగ్గుతాది. అర్జీ పెట్టి ఖాతా వదలమని అడగొచ్చు. "బంకు వాళ్ళకు ఎప్పుడు కట్టినారో రసీదు తెండి. ట్రాక్టర్ల ఆయన దగ్గర, నాకు బాడిగ ఇంతవరకు ముట్టలేదు అని రాయించుకోని రండి" అన్నాడు.

మా ఆయన అప్పుడు నోరు తెరిచినాడు. "మామ బాకీ నా చేత్తో కొట్టెయ్యల్లనా సార్? నేను చెయ్యను" అన్నాడు.

"బాకీ కొట్టేసేది కాదన్నా, అది అట్లే ఉంటాది. ఖర్చు కింద రాసిన ఏడాది మారుతాది, అంతే" అని ఆయన ఎంత చెప్పినా ఈయన తల అడ్డంగా తిప్పతానే ఉండాడు. మా ఇంట్లో బాకీ మీద గీత పడేది అది తీరినాకనే. అట్లాంటిది ఇయ్యకుండానే గీత కొట్టడమంటే ఈయనకు ఎగ్గొట్టినట్టే. నాకు ఒళ్ళు మండింది. "నీ గీత కంటే మన బోరు ఎక్కువనా తక్కువనా చెప్పయ్యా" అని ఆ సాయిబు ముందరే అడిగేసినా. మా ఆయన మొహం కిందికి వేసుకున్నాడు. ఆఖరుకు పెన్ను నేనే తీసుకొని ఆ బాడిగలన్నిటి మీదా గీతలు కొట్టినా.

చిన్నాయన ఇంటికి పోయినప్పుడు ఆయన అరుగు మీద కూర్చోని ఉండాడు. ఆ రెండు ట్రాక్టర్లలో ఒకటి కనపళ్ళేదు. ఏమైందని అడిగే ధైర్యం మాకు లేదు. మా ఆయన కాగితం చేతిలో పెట్టుకొని ఎట్ల మొదలుపెట్టల్లో తెలీక నీళ్ళు నమలతాంటే నేనే చెప్పినా, ఇది ఇట్ల, నీకు బాడిగ ముట్టలేదని నువ్వు సంతకం చెయ్యల్ల చిన్నాయనా అని.

"ముట్టలేదనేది నిజమే కదమ్మా. నిజానికి సంతకం చేసేదానికి ఏముండాది" అన్నాడు. కండ్లద్దాలు కూడా పెట్టుకోకుండా చేసేసినాడు. లోపల నుంచి చిన్నమ్మ వచ్చింది. నన్ను చూడలేదు, మా ఆయన్నే చూసి, "ఈ కాగితం ఇస్తే బ్యాంకులో దుడ్లు వస్తాయా అల్లుడా?" అని అడిగింది.

"వస్తాయత్తా."

"వస్తే మాకు ఇస్తావా?"

చిన్నాయన, "నువ్వు లోపలికి పో" అని కసిరినాడు. ఆమె పోలేదు. మా ఆయన వంగి ఆమె కాళ్ళకు మొక్కి, "మొదట మీకే అత్తా" అన్నాడు. మొదట వాళ్ళకిస్తే మిగిలేది భూమికి చాలదు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

ఇంటికొచ్చినాక నేను ఆయన్ని తిట్టిన తిట్లు పగవానికి కూడా వద్దు. పిల్లోళ్ళు లేరు మనకు, ఉండేది ఆ బోరొక్కటే, దాన్ని కూడా మొక్కి ఇచ్చేసి వచ్చినావు అన్నా. ఆయన తిరిగి నాలుగు తిడితే నాకు బాగుండేది. ఆ దినం నుంచి కూడు కూడా సరిగ్గా తినలేదు. చేనికి పోయి బోరు మోటరు దగ్గర కూర్చునేవాడు. అట్ల కూర్చునేటోళ్ళను మా దిక్కున చానామందిని చూసినాము, వాళ్ళ ఇండ్లల్లో తర్వాత ఏమైందో కూడా చూసినాము. ఇంట్లో చేనికి కొట్టే మందు ఉంటే ఎత్తుకపోయి మా అక్క ఇంట్లో దాచి పెట్టినా. ఆయన చేనికి పోతే వెనకాలే నేనూ పోయేదాన్ని, గడ్డి కోసే పని పెట్టుకొని.

అర్జీ పెట్టినాము. ఎవరినన్నా కలిసి కాళ్ళు పట్టుకుందామంటే ఇప్పుడు ఆఫీసరనే మనిషే కనపడడంట. అంతా కంప్యూటర్లోనే. ఎవరు చూస్తారో, యాడుండి చూస్తారో ఆడిటరుకే తెలీదు. నేను దినమ్మూ ఫోను చేసేదాన్ని. "చూస్తాండారమ్మా" అనేవాడు. దేవుడైనా గుళ్ళో ఉంటాడు కదప్పా, పోయి ఎదురుగా నిలబడి ఏడ్వచ్చు. వీళ్ళ ముందర ఏడ్చేదానికి కూడా తావు లేదు.

ఉగాది వారంలోకొచ్చింది. నేనొక్కదాన్నే గుంతకల్లుకు పోయినా. రైల్వే ఆయన మర్యాదస్తుడే, కుర్చీ వేసినాడు, వాళ్ళ ఆడమనిషి బొరుగుల ఉగ్గాని పెట్టింది. నేను ప్లేటు పక్కన పెట్టినా. ఒక నెల గడువు పెంచు సామీ, దుడ్లు బ్యాంకులోనే ఉండాయి, ఇదో చూడు అని ఆడిటర్ పెట్టిన అర్జీ నకలు చూపించినా. ఆయన మొదటి నుంచి ఆఖరు దాకా నిదానంగా చదివినాడు. చదివి మడిచి నా చేతికిచ్చి, "దుడ్లు చేతికొచ్చేదాకా మాది కాదు, మేము లెక్కలో రాసుకోము అని మీరే రాసినారు కదమ్మా" అన్నాడు. "నేనూ అంతే. నా చేతికొచ్చినప్పుడే నాకు వచ్చినట్టు."

ఆయన ఎటకారానికి అనలేదు. మామూలుగా చెప్పినాడు. అందుకే ఆ నకలు సంచిలో పెట్టుకొని లేచినా. రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చోని, పోయే రైలూ వచ్చే రైలూ చూసుకుంటా ఎంతసేపు ఏడ్చినానో తెలీదు. ఒకాయమ్మ వచ్చి నీళ్ళ బాటిలు చేతిలో పెట్టి పోయింది.

ఉగాది పోయిన పద్దినాలకు మా అర్జీకి ఒప్పుకున్నట్టు కాగితం వచ్చింది. ఆడిటర్ సంతోషంగా ఫోను చేసినాడు, గెలిచినామమ్మా, చేతికొచ్చినప్పుడే రాబడి అనే మాట నిలబడింది అన్నాడు. నేను సరే సార్ అన్నా. అప్పటికే భూమి పాసుబుక్కులో పేరు మార్పించుకునేదానికి రైల్వే ఆయన అర్జీ పెట్టేసినాడు, చేనికి కంచె కూడా వేయించినాడు. కట్టాల్సిన పన్ను కట్టినాము. మా ఆయన చిన్నాయన బాడిగ మొత్తం తీసుకపోయి చిన్నమ్మ చేతిలోనే పెట్టినాడు. నేనూ పోయినా. ఆమె లెక్క పెట్టుకుంది. తక్కువ లేదు.

ఈ యండకాలం మళ్ళీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ట్యాంకర్లు పెట్టండి, ఊర్లలో నీళ్ళు లేవు అని. పోయినేటి బిల్లు ఏమైందని అడిగితే పాసైంది అన్నారు. నేను వద్దంటే వద్దన్నా. మా ఆయన ఒప్పుకున్నాడు, ఇంకేం పని వస్తాది ఆయనకు. రైల్వే ఆయన ఆ బోరు నీళ్ళు ట్యాంకరుకు ఇంత అని అమ్ముతాండాడు. దుడ్లు ముందర చేతిలో పెడితేనే మోటరు వేయిస్తాడు. మా ఆయన ట్రాక్టరు తోలుకొని పొద్దున్నే ఆడికి పోయి, కంచె బయట వరసలో నిలబడతాడు.